ఎండిన బోరుకూ ఒక పని ఉంది... గొట్టం సరిగా దిగితే!

హోసూరు నుంచి బాగలూరు దారి పట్టినా, సూళగిరి దాటి కృష్ణగిరి వైపు దిగినా పొలం గట్ల మీద ఒక దృశ్యం తప్పదు. నేల మీదికి అడుగెత్తున నిలబడ్డ ప్లాస్టిక్ కేసింగు, దాని మూతి మీద ఒక బండరాయి. రాయి దొరకనిచోట పాత గోనెసంచి. అది వట్టిపోయిన బోరు. అప్పుచేసి వేయించిన రైతు దానివైపు చూడటం కూడా మానేసి ఉంటాడు. "నీళ్లు పడని బోరు చచ్చిన బోరే" అన్నది ఈ ప్రాంతంలో మాట.

ఆ మాట పూర్తిగా నిజం కాదు. నీళ్లివ్వని బోరు చల్లదనం ఇవ్వగలదు. దానికి కావలసింది నీటి ఊట కాదు, నీరు తిరగడానికి ఒక మంచి గొట్టం. పాశ్చాత్య దేశాల్లో దశాబ్దాలుగా వాడుకలో ఉన్న భూగర్భ హీట్ పంపు పద్ధతి ఇదే. సరిహద్దు జిల్లాలో ఫ్యాక్టరీలు, ఆస్పత్రులు, హాస్టళ్లు పెరుగుతున్న ఈ రోజుల్లో ఆ పద్ధతి ఇవాళ కాకపోతే రేపు ఇక్కడికీ వస్తుంది. వచ్చేది మంచిగా వస్తుందా, మరో బోర్ల దందాగా వస్తుందా అన్నదే ప్రశ్న.

బావినీళ్లు చెప్పిన పాఠం

ఇందులో అర్థంకాని శాస్త్రమేమీ లేదు. పాతకాలం దిగుడుబావి వాడినవారికి ఇది తెలిసిందే. ఎండాకాలంలో బావినీళ్లు చల్లగా ఉంటాయి, ధనుర్మాసం తెల్లవారుజామున గోరువెచ్చగా తగులుతాయి. నీళ్లు మారలేదు, పైన గాలి మారింది. ముప్పై నలభై అడుగుల లోతుకు వెళితే నేల వేడి ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ ఊరి ఏడాది సగటు ఎంతో నేల వేడి కూడా ఇంచుమించు అంతే. మూడువేల అడుగుల ఎత్తున ఉన్న హోసూరులో అది సుమారు 25 డిగ్రీలు. కృష్ణగిరి వైపు దిగితే మరో రెండు మూడు డిగ్రీలు ఎక్కువ.

మామూలు ఏసీ ఏం చేస్తుంది? గదిలోని వేడిని తీసి బయటి గాలిలోకి తోస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం బయటే 37 డిగ్రీలు ఉంటే ఆ వేడిని తోయడానికి యంత్రం ఆయాసపడుతుంది, కరెంటు మీటరు గిర్రున తిరుగుతుంది. అదే వేడిని 25 డిగ్రీల రాతిలోకి పంపితే యంత్రానికి పని తేలిక. గదిలో వేడి తీసుకున్న నీరు గొట్టంలో బోరులోకి దిగుతుంది, రాతికి వేడి అప్పగిస్తుంది, చల్లబడి పైకొస్తుంది. మళ్లీ అదే నీరు, మళ్లీ అదే దారి. భూమిలోంచి ఒక్క చెంబు నీళ్లు తోడే పనిలేదు.

భూతాపం అనగానే తెలుగువారికి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు గుర్తుకొస్తుంది. అక్కడి పగిడేరులో బోర్ల నుంచి వేడినీళ్లు ఉబికి వస్తాయి, సింగరేణి సంస్థ ఆ వేడితో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ యూనిట్ పెట్టింది. ఆ సంగతి వేరు, ఈ సంగతి వేరు. దానికి నేల కింద వేడినీళ్లు ఉండాలి. దీనికి మామూలు నేల చాలు.

రాయే ఆస్తి

కృష్ణగిరి జిల్లా పేరు చెబితే మామిడి తర్వాత గుర్తొచ్చేది గ్రానైట్. ఎండిన మట్టితో పోలిస్తే గ్రానైట్, నైస్ రాళ్లు వేడిని ఎన్నో రెట్లు బాగా లాక్కుంటాయి. బోరుబండికి చుక్కలు చూపించే ఆ గట్టి రాయే ఈ పనికి వరం. నీళ్లు పడలేదని తిట్టుకున్న రాతినే చల్లదనం కోసం నమ్ముకోవచ్చు.

పనివాళ్ల కొరత కూడా లేదు. దేశమంతా తిరిగే తిరుచెంగోడు బోరుబండ్లు ఈ రాష్ట్రానివే. ఊరూరా తాగునీటి పథకాలకు నల్ల హెచ్‌డీపీఈ పైపులు కాల్చి అతికిన చేతులు ఇక్కడివే. 1,928 కోట్ల రూపాయల హొగెనకల్ పథకానికి 2008లో శంకుస్థాపన జరిగింది. జపాన్ రుణంతో పూర్తయి 2013లో ప్రారంభమైంది. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల పల్లెలకు కావేరి నీరు తెచ్చిన ఆ పథకం గొట్టాల మీదే నడుస్తోంది. అంటే భూమిని తొలిచేవాళ్లు, గొట్టం అతికేవాళ్లు ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. ఆ రెండు పనులనూ కలిపే పద్ధతి మాత్రమే నేర్చుకోవాలి.

ఎవరికి పనికొస్తుంది?

ఒక మాట ముందే చెప్పుకోవాలి. హోసూరులో మామూలు ఇంటికి ఇది అక్కర్లేదు. కిటికీ తెరిస్తే వచ్చే గాలి, ఫ్యాను చాలు. ఒక టన్ను చల్లదనానికి ఇలాంటి వాతావరణంలో సుమారు 200 నుంచి 300 అడుగుల బోరు లోతు కావాలి. ఒక్క పడకగది కోసం అంత ఖర్చు పెట్టమనడం అన్యాయం.

పెద్ద భవనాల లెక్క వేరు. నీటితో నడిచే పెద్ద ఏసీ ప్లాంట్లకు మిద్దెమీద కూలింగ్ టవర్లు ఉంటాయి. అవి నీటిని ఆవిరిచేసి వేడిని వదిలిస్తాయి. ఒక టన్ను చల్లదనానికి గంటకు ఆరు లీటర్లకు పైగా నీరు గాలిలో కలుస్తుంది. నూరు టన్నుల ప్లాంటు రోజుకు పది గంటలు నడిస్తే ఆరువేల లీటర్లు. ఒక ట్యాంకరు నీళ్లన్నమాట. ఎండాకాలంలో ట్యాంకరు కోసం వీధుల్లో బిందెలు బారులు తీరే ఊరిలో రోజుకో ట్యాంకరు ఆకాశానికి పోతోంది. గొట్టంలో తిరిగే నీటికి ఆ నష్టం లేదు. ఒకసారి నింపితే ఏళ్ల తరబడి అదే నీరు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో బాల్ స్టేట్ యూనివర్సిటీ 2009లో పని మొదలుపెట్టి సుమారు 3,600 బోర్లు వేసి, బొగ్గు బాయిలర్లను పక్కన పెట్టింది. అక్కడ ఎండాకాలంలో నేలలో దాచిన వేడిని చలికాలంలో తిరిగి తీసుకుంటారు. జమా ఖర్చు సరిపోతుంది. హోసూరులో గదులు వెచ్చబెట్టే అవసరం ఎవరికి ఉంది? ఏడాదంతా వేడి పంపడమే, తీసుకోవడం లేదు. బోర్లు దగ్గర దగ్గరగా వేస్తే పదేళ్లలో చుట్టూ ఉన్న రాయి వేడెక్కి కూర్చుంటుంది. అప్పుడు వ్యవస్థ ఉన్నా లేనట్టే.

కాబట్టి చల్లదనంతోపాటు వేడినీళ్లు కూడా కావలసిన చోట ఇది సరిగ్గా కుదురుతుంది. ఆస్పత్రి, హోటలు, కార్మికుల హాస్టలు, పాల శీతలీకరణ కేంద్రం. పాలు చల్లబరచాలి, క్యాన్లు వేడినీళ్లతో కడగాలి. పాలలోంచి తీసిన వేడినే క్యాన్లు కడిగే నీళ్లకు ఇస్తే భూమిలోకి పంపేది తగ్గుతుంది. ఈ లెక్క చూడకుండా కేవలం "భూమి చల్లన" అని చెప్పి అమ్మేవారిని నమ్మకూడదు.

గొట్టంలో రాజీ పడితే...

యంత్రం చెడితే మార్చవచ్చు. మోటారు కాలితే చుట్టించవచ్చు. మూడువందల అడుగుల లోతున రాతిలో పూడ్చిన గొట్టం పగిలితే ఎవరూ ఏమీ చేయలేరు. అందుకే ఈ పనిలో ప్రాణమంతా గొట్టంలోనే ఉంది. కొన్ని విషయాలు మాత్రం కట్టించుకునే యజమానికి కూడా తెలిసి ఉండాలి.

మొదటిది పైపు రకం. ఇంటి ప్లంబింగుకు వాడే పీవీసీ, సొల్యూషను అతుకులు ఇక్కడ పనికిరావు. పీఈ-100 రకం, 16 బార్ల ఒత్తిడి తట్టుకునే మందపాటి పైపు కావాలి. దీనికి కారణం ఎండిన బోరులోనే ఉంది. నీళ్లున్న బోరులో గొట్టం లోపలి నీటి ఒత్తిడిని బయటి నీరు ఆపుతుంది. వట్టి బోరులో బయట గాలే. ప్రతి 33 అడుగులకు ఒక బార్ చొప్పున 300 అడుగుల అడుగున తొమ్మిది బార్లు, దానిపైన పంపు ఒత్తిడి. నీరు వేడెక్కేకొద్దీ ప్లాస్టిక్ బలం కొంత తగ్గుతుంది కూడా. పల్చని పైపు పెడితే ఎక్కడ ఉబ్బుతుందో దేవుడికే తెలియాలి. బోరు వెయ్యి అడుగులున్నా గొట్టం అంతా దించాలని లేదు. కింది భాగం పూడ్చి, పైన మూడువందల అడుగులు వాడుకోవడం మేలు.

రెండోది అతుకు. బోరులో దిగే రెండు గొట్టాలను అడుగున కలిపే 'యు' వంపు ఫ్యాక్టరీలో అతికిందై ఉండాలి. బోరు మధ్యలో అతుకే ఉండకూడదు. పైన కందకంలో వచ్చే అతుకులన్నీ వేడిచేసి కరిగించి కలిపినవే కావాలి. ఇనుప క్లిప్పులు, రబ్బరు వాషర్లు మట్టిలో పూడ్చడం అంటే లీకును పూడ్చడమే. అతికే ముందు పైపు కొన శుభ్రంగా గీకి తుడవాలి. ఎర్రమట్టి దుమ్ము అంటిన చేతులతో అతికిన అతుకు చూడటానికి బాగానే ఉంటుంది, ఒత్తిడి పడ్డ రోజున విడిపోతుంది.

మూడోది పరీక్ష. గొట్టం దించకముందు ఒకసారి, దించాక ఒకసారి, కందకం పూడ్చకముందు మరోసారి నీళ్లతో ఒత్తిడి పరీక్ష చేయాలి. నీళ్లు నింపి దించితే గొట్టం తేలదు, పక్కలనుంచి నలగదు. రెండు కొనలకూ మూతలు బిగించి ఉంచాలి. ఒక్క గులకరాయి, ఒక్క పీచు ముక్క లోపల పడితే రేపు పంపుకు అదే యముడు.

నాలుగోది పూడిక. గొట్టానికీ రాతికీ మధ్య ఖాళీ వదిలితే వేడి దాటదు. పైనుంచి ఇసుక కుమ్మరిస్తే మధ్యలో ఎక్కడో అడ్డుపడి కింద గుల్లగా మిగులుతుంది. బెంటొనైటు బంకమట్టి, సన్న ఇసుక కలిపిన ముద్దను మరో సన్న గొట్టం ద్వారా అడుగునుంచి పైకి నింపుతూ రావాలి. ఆ ముద్ద నీటికన్నా బరువు కనుక పూడ్చేటప్పుడు లోపలి గొట్టంలో నీరు, ఒత్తిడి ఉంచాలి. లేకపోతే గొట్టం నొక్కుకుపోతుంది.

ఐదోది కడగడం. యంత్రానికి కలిపే ముందు పెద్ద పంపుతో కనీసం సెకనుకు రెండడుగుల వేగంతో నీరు తిప్పి, లోపలి మట్టిని, గాలిని బయటికి తోయాలి. గాలి బుడగ మిగిలినచోట నీరు ఆగుతుంది. "నీళ్లు తిరుగుతున్నాయి కదా సార్" అని చెప్పి వెళ్లిపోయే మేస్త్రి ఆ బుడగను వదిలేసి పోతున్నాడన్నమాట. ఇక్కడ నేల గడ్డకట్టదు కనుక చలిదేశాల్లోలాగా గడ్డకట్టని రసాయనాలు కలిపే పనిలేదు. శుద్ధిచేసిన మంచినీరు చాలు. ఎవరైనా రసాయనం పోయాలంటే ఎందుకని గట్టిగా అడగాలి.

స్టౌఫెన్ చెప్పే హెచ్చరిక

పూడిక దగ్గర నిర్లక్ష్యం ఎంత దూరం పోతుందో జర్మనీలోని స్టౌఫెన్ అనే చిన్న పట్టణం చూసింది. 2007లో అక్కడి టౌన్‌హాలుకు ఇదే పద్ధతి కోసం 140 మీటర్ల లోతున ఏడు బోర్లు వేశారు. కింది పొరల నీరు పైకి పాకి, ఒక రకం ఖనిజపు పొరను తడిపింది. అది జిప్సంగా మారి ఉబ్బింది. ఊరు నేల లేచింది. రెండువందల యాభైకి పైగా ఇళ్లు పగుళ్లు తీశాయి.

కృష్ణగిరి కింద ఆ ఖనిజం లేదు, ఇళ్లు లేవవు. కానీ ఇక్కడి శత్రువు వేరు. గ్రానైటు, నైసు రాళ్లలోంచి నీటిలోకి దిగే ఫ్లోరైడే హొగెనకల్ పథకం అవసరానికి మూలం. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు పళ్లకూ ఎముకలకూ విషం. సరిగా పూడ్చని బోరు కింది పొరకూ పై పొరకూ మధ్య వేసిన తలుపు లాంటిది. ఒకచోటి చెడ్డనీరు మరోచోటికి నడిచిపోతుంది. గొట్టం వేసేది ఒకరు, నీళ్లు తాగేది ఊరంతా. ఈ తేడా మరవకూడదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. గొట్టం ఖర్చు మిగుల్చుకోవడానికి ఒక బోరులోంచి నీరు తోడి, యంత్రంలో తిప్పి, మరో బోరులోకో కాలువలోకో వదిలే పద్ధతి చవగ్గా వస్తుంది. నీళ్లు పుష్కలంగా ఉన్న దేశాల్లో అది చెల్లుతుంది. బోరు వెనక బోరు ఎండుతున్న ఈ నేలలో దానికి అనుమతే ఉండకూడదు.

ఎండిన బోర్లకు రెండు మోక్షాలు

వదిలేసిన బోర్లు వట్టి బొక్కలు కావు, పసిపిల్లల పాలిట మృత్యుకుహరాలు. 2019 అక్టోబరులో తిరుచ్చి జిల్లా మణప్పారై దగ్గర నడుకాట్టుపట్టిలో రెండేళ్ల పసివాడు బోరులో పడి చనిపోయిన ఘోరం రాష్ట్రమంతా దీపావళి నాడు కన్నీళ్లతో చూసింది. 2010లోనే సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వదిలేసిన బోరును అడుగునుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలని. ఎన్ని పూడ్చారో గట్ల మీద బండరాళ్లే సాక్ష్యం. పూడ్చడానికి ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

భవనం పక్కనే ఉన్న ఎండిన బోరులో గొట్టం దించి ముద్దతో నింపితే ఒకే ఖర్చుతో రెండు పనులు జరుగుతాయి. మృత్యుకుహరం మూసుకుపోతుంది, భవనానికి చల్లదనం అందుతుంది. మామూలు ఆరున్నర అంగుళాల బోరులో ఈ గొట్టాల జత సులువుగా పడుతుంది. ముందుగా కెమెరా దించి గోడలు కూలాయా, మధ్యలో ఏమైనా అడ్డుందా చూసుకుంటే చాలు. పొలాల మధ్యనున్న బోర్లకు ఇది కుదరదు నిజమే. బడి, ఆస్పత్రి, కళ్యాణమంటపం, ఫ్యాక్టరీ ఆవరణల్లో ఎండిన బోర్లకు కుదురుతుంది.

చేయాల్సిందేమిటి?

భూమి చల్లదనం వాడుకోవడం మనదేశానికీ కొత్త కాదు. ఢిల్లీ దగ్గర గుర్గావ్‌లో టేరి సంస్థ తన శిక్షణా భవనం కోసం నాలుగు మీటర్ల లోతున 70 మీటర్ల పొడవైన నాలుగు సొరంగాలు వేసి, గాలిని వాటిలోంచి తిప్పి చల్లబరిచింది. అక్కడ గాలి, ఇక్కడ నీరు. సూత్రం ఒక్కటే.

మొదట ఒక ప్రభుత్వ భవనంలో చేసి చూపాలి. హోసూరు ప్రభుత్వ ఆస్పత్రిలో ఒక వార్డు అయినా సరే, కృష్ణగిరి వైద్య కళాశాల ఆస్పత్రిలో ఒక విభాగం అయినా సరే. చల్లదనమూ వేడినీళ్లూ రెండూ అక్కడ కావాలి. బర్గూరు ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు ఒక బోరులో గొట్టం దించి రెండు మూడు రోజులు వేడినీరు తిప్పి, రాయి ఎంత వేడి లాక్కుంటుందో కొలిచి లెక్కలు అందరికీ తెలిసేలా పెట్టాలి. అప్పుడు ఏ కంపెనీ వచ్చి గాలిమేడలు కట్టినా ఆ లెక్క ముందు పెట్టి అడగవచ్చు.

రెండోది నమోదు. బోరుబండికి నమోదు ఉన్నట్టే గొట్టం పనికీ ఉండాలి. ఒత్తిడి పరీక్ష ఫలితం, పూడికలో వాడిన సరుకు, బోర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే పటం కార్పొరేషన్ లేదా పంచాయతీ ఆఫీసులో ఉంచాలి. రేపు ఎవరో పునాది తవ్వుతూ గునపం దింపితే ఆ పటమే కాపాడుతుంది.

మూడోది శిక్షణ. హోసూరు ఐటీఐలో పైపు అతికే పనిపై చిన్న కోర్సు పెట్టడం గగనం కాదు. ఆ పాఠాలు తమిళంతోపాటు తెలుగు, కన్నడంలోనూ ఉండాలి. గుంతలో దిగి పనిచేసే కుర్రాడికి ఏ భాష వస్తుందో ఆ భాషలో చెబితేనే అతుకు నిలుస్తుంది.

బోర్ల విషయంలో ఈ జిల్లా ఒకసారి మోసపోయింది. ముందుచూపు లేకుండా వేసుకుంటూ పోయి, నీళ్లు అడుగంటాక లబోదిబోమన్నాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం రెండోసారి జరగకూడదు. గట్టు మీది ఆ కేసింగు మూతిపై బండరాయి ఇంకా అలాగే ఉంది. దాన్ని తీసి సరైన గొట్టం దించుతారా, లేక పక్కనే మరో బోరు వేసి ఇంకో బండరాయి వెతుక్కుంటారా అన్నది అధికారులూ, యజమానులూ ఇప్పుడే తేల్చుకోవాలి.